గివింగ్ ట్యూస్‌డే వెనకున్న యూదుల సంఘం

బ్లాక్ ఫ్రైడే, సైబర్ మండే డీల్స్ గురించి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. మరి ఆ మర్నాడొచ్చే గివింగ్ ట్యూస్‌డే సంగతి? కొనుక్కున్నది చాల్లే, ఒకరోజు డబ్బో శ్రమో ఇవ్వండి అంటూ 2012లో దాన్ని మొదలెట్టింది న్యూయార్క్‌లోని 92వ వీధి 'వై', యునైటెడ్ నేషన్స్ ఫౌండేషన్‌తో కలిసి.

ఈ 'వై' 1874లో యూదు కుర్రాళ్ళ కోసం పెట్టుకున్న సంఘం. 1889లో మరికొన్ని యూదు సంస్థలతో కలిసి, వలసొచ్చిన బీద యూదులకి ఇంగ్లీషు నేర్పే ఎడ్యుకేషనల్ అలయన్స్‌కి పునాది వేసింది. అంటే ముందు తమవాళ్ళకి, తర్వాత ఊరందరికీ.

సొంతవాళ్ళతో మొదలెట్టడం తప్పేం కాదు, అక్కడే ఆగిపోతేనే చిక్కు. ఉగాదికీ దీపావళికీ కలుసుకునే మన ప్రవాస తెలుగు సంఘాలు ఏ మెట్టు మీదున్నాయంటారు?