క్రైస్తవ రహస్యవాదమున సంఖ్యాసంకేతము

క్రీస్తుశకారంభమునాఁటికి గ్రీకులు లెక్కలు వ్రాయుటకుఁ దమ యక్షరములనే వాడుచుండిరి. వర్ణమాలలోని 24 అక్షరములకు వాడుక తప్పిన ప్రాచీనాక్షరములు మూఁడింటిని జేర్చి, ఆ 27 గుఱుతులతో 1 మొదలు 900 వఱకుఁ గల సంఖ్యలను సూచించిరి. ఆల్ఫా 1, అయోటా 10, రో 100, ఒమేగా 800. కావున గ్రీకున వ్రాయఁబడిన ప్రతిపదమును ఒక సంఖ్య యగుచుండెను. మన కటపయాదిపద్ధతియు నక్షరములకు సంఖ్యల నొసఁగునదే. కాని యందు స్థానమును బట్టి యక్షరము ఒకట్లుగనో పదులుగనో వందలుగనో మాఱును. గ్రీకున విలువలు స్థిరములు, వానిని గూడుటయే పని. అంతకంటె ముఖ్యమైన భేద మింకొకటి గలదు. మన శాస్త్రకారులు తెలిసిన సంఖ్యను ధారణలో నిలుపుటకై పదమును గూర్చిరి. గ్రీకు రహస్యవాదు లున్న పదమునుండి సంఖ్యను దీసి, యా సంఖ్యయందుఁ దత్త్వమును వెదకిరి.

ఇట్లు వెదకినవారిలో రెండవ శతాబ్దివాఁడగు మార్కసు ప్రసిద్ధుఁడు. ఇతఁడు వాలెంటినసు సంప్రదాయమునకుఁ జెందిన జ్ఞానవాది. ఇతని మతమును మనకు విస్తరముగఁ దెలుపువాఁడు ఇతని ప్రతిపక్షియగు ఐరేనియసు. గాల్ దేశమున లియాన్ పట్టణపు బిషప్పుగా నుండిన ఐరేనియసు, సుమారు క్రీ. శ. 180 ప్రాంతమున నైదు భాగముల ఖండనగ్రంథమును గ్రీకున రచించెను. అది సంపూర్ణముగ నేఁడు లాటిన్ అనువాదమునందే లభించుచున్నది.

పరిపూర్ణదివ్యలోకమున 8, 10, 12 చొప్పున మూఁడు వర్గములుగా 30 తత్త్వములు గలవని యా సంప్రదాయమువారి మతము. యేసు బోధ నారంభించునప్పటికి ముప్పది యేండ్లవాఁడని లూకా సువార్త చెప్పుట దీనికి సాక్ష్యమట. ద్రాక్షతోఁటకుఁ గూలివాండ్రు పిలువఁబడిన వేళలు 1, 3, 6, 9, 11 గూడిన 30 యగుటయు సాక్ష్యమట. మార్కసు నామాక్షరములను గూడ లెక్కించెను. యేసు నామమునకు గ్రీకున 10, 8, 200, 70, 400, 200 గూడి 888 వచ్చును. పావురమను గ్రీకుపదమునకు 801 వచ్చును. ఆల్ఫా ఒమేగాల మొత్తమును 801 యే. కావున బాప్తిస్మకాలమున పావురరూపమున దిగినది ఆద్యంతస్వరూపమైన తత్త్వమే యని యతని సిద్ధాంతము.

తప్పిపోయిన గొఱ్ఱెకథకు వారు చెప్పిన యర్థము మఱియు విచిత్రము. ఆ కాలమున వ్రేళ్ల ముడుపులతో లెక్కించువారు 99 దాఁక నెడమచేతను జూపి, నూఱుకాఁగానే కుడిచేతికి మాఱుచుండిరి. ఒక్క గొఱ్ఱె దొరకుటతో లెక్క యంతయు నెడమనుండి కుడికి, అనఁగా లోపమునుండి పూర్ణతకుఁ జేరెనని వారి భావము. 1945లో ఈజిప్టుదేశమున నాగ్ హమ్మాది యొద్ద దొరకిన ప్రతులలోని సత్యసువార్త యను గ్రంథమునను ఈ వ్యాఖ్యయే కనఁబడుచున్నది. ప్రతిపక్షి వ్రాతను సంశయించుట న్యాయమే యైనను, ఈ యంశమున ఐరేనియసు వ్రాసినది కల్పన కాదని దీనివలన నేర్పడినది.

ఐరేనియసు ఖండన మెట్టిది? యేసు నామము హెబ్రీనామము. గ్రీకక్షరములు దాని మూలరూపము గావు. కాన వాని మొత్తమునం దీశ్వరసంకల్పమును జూచుట చెల్లదని యొక వాదము. రెండవది యింకను బలమైనది. 8కిని 30కిని సాక్ష్యములు దొరకినట్లే 5కును దొరకునని యతఁడు చూపెను. రక్షకుఁడు, తండ్రి, ప్రేమ యను గ్రీకుపదములు మూఁడును అయిదేసి యక్షరములవి. రొట్టెలైదు, వానిచే దృప్తులైనవా రైదువేలు, బుద్ధిగల కన్యక లైదుగురు, చేతివ్రేళ్లైదు, ఇంద్రియములైదు. ఏ సంఖ్యకైన నింతటి సాక్ష్యము గూర్పవచ్చునేని యా సాక్ష్యమేమి నిరూపించును? సంఖ్య సిద్ధాంతము ననుసరింపవలెను గాని సిద్ధాంతము సంఖ్యనుండి పుట్టరాదని యతని నిర్ణయము.

అట్లని యతఁడు సంఖ్యలను విడిచినవాఁడు గాఁడు. దిక్కులు నాలుగు, ప్రధానవాయువులు నాలుగు గాన సువార్తలును నాలుగే యుండఁదగునని యతఁడే వాదించెను. మార్కసు నడిగిన ప్రశ్నను ఇచ్చట నతనినే యడుగవచ్చును. ఐనను ప్రకటనగ్రంథమునందలి మృగసంఖ్యావిషయమున నతఁడు చూపిన యోర్పు శ్లాఘ్యము. కొన్ని ప్రతులలో 616 అని యుండఁగా, ప్రాచీనమైన మంచి ప్రతులయందు 666 యే కలదని పాఠమును నిర్ణయించెను. ఆ సంఖ్యకు సరిపడు నామములను గొన్నింటిని జెప్పియు నిది యే యని తేల్పఁ డయ్యెను. 1999లో ప్రకటితమైన ఆక్సిరింకసు పత్రఖండమున 616 అను పాఠము కనఁబడుటచే నతఁడు చెప్పిన పాఠభేదము యథార్థమని స్పష్టమైనది.

సంఘమునందును ఈ పద్ధతి నిలిచెను. బర్నబా పేరి లేఖ అబ్రాహాము సేవకుల 318 సంఖ్యలో 18ని యేసు నామమునందలి తొలి రెండక్షరములుగను, 300ను సిలువయాకారముగల టౌ యక్షరముగను వ్యాఖ్యానించినది. క్రీ. శ. 430లో మృతుఁడైన హిప్పో బిషప్పు అగస్టీను, యోహాను సువార్తలోని 153 చేఁపలు 1 మొదలు 17 వఱకుఁ గూడఁగా వచ్చినవనియు, 17 అనఁగా 10 ఆజ్ఞలు, ఆత్మవరములు 7 అనియుఁ జెప్పెను. ఆజ్ఞలును ఆత్మవరములును అతనికి ముందే తెలిసినవి. 153 వానికిఁ గట్టిన రూపకము మాత్రమే. మార్కసు పావురము విషయమున నట్లుగాక సంఖ్యయే ప్రమాణమైనది.

శాసనపరిశోధకుల కీ భేదము క్రొత్తది గాదు. శాసనశ్లోకమున సముద్రశబ్ద మున్నచో నది 4 కావచ్చును, 7 కావచ్చును. తిథివారములతోను గ్రహణములతోను సరిచూచినపిమ్మటనే శకవర్షము స్థిరపడును. పదమునుండి తీసిన సంఖ్యకుఁ బదమునకు వెలుపల సాక్ష్య మొకటి యుండవలెను. ఐరేనియసు మార్కసు నడిగినది యట్టి సాక్ష్యమునే.