బాలింత మనసు అడిగిన నర్సులు

మన గూడేల్లో బాలింత ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటే గాలి సోకిందంటారు. బిడ్డను దగ్గరకు తీసుకోకపోతే పొగరంటారు. అది కాన్పు తర్వాత వచ్చే దిగులు జబ్బు కావచ్చని, ఇంటికొచ్చే నర్సే దాన్ని ముందుగా గుర్తించగలదని తెలియడానికి చాలా కాలం పట్టింది. ఆ చరిత్ర మనకూ అవసరమే.

జాన్ కాక్స్ అనే బ్రిటన్ మానసిక వైద్యుడు 1970లలో ఉగాండాలో గాండా తెగ తల్లుల మధ్య పనిచేశారు. బాలింతకు వచ్చే మతి చలనాన్ని వాళ్లు తమ భాషలో 'అమకిరో' అంటారు. డాక్టర్లు రాకముందే ఆ తెగవాళ్లు ఆ బాధను గమనించి పేరు పెట్టుకున్నారన్నమాట.

తర్వాత ఆయన స్కాట్లాండ్‌లో పనిచేశారు. బ్రిటన్‌లో ఇల్లిల్లూ తిరిగి పసిబిడ్డల బాగోగులు చూసే నర్సులున్నారు. వాళ్లను హెల్త్ విజిటర్లంటారు. 1987లో కాక్స్, జెనిఫర్ హోల్డెన్, రుస్లాన్ సగోవ్‌స్కీ కలిసి 10 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. దాని పేరు ఎడిన్‌బరో పట్టిక. గడిచిన వారం రోజుల్లో తన మనసు ఎలా ఉందో తల్లే అందులో గుర్తు పెడుతుంది. అది జబ్బును తేల్చదు, అనుమానం ఉంటే చెబుతుంది.

1989లో ఆ ముగ్గురే మరో ఫలితం ప్రకటించారు. చిన్న శిక్షణ పొందిన నర్సులు వారానికోసారి, 8 వారాలు, అరగంట చొప్పున కూర్చుని తల్లి చెప్పేది విన్నారు. సలహాలు గుప్పించలేదు. అలా విన్న 26 మందిలో 18 మంది కోలుకున్నారు. మామూలు సేవలే అందిన 24 మందిలో 9 మందే కోలుకున్నారు.

మన పొరుగునా ఇలాంటిదే జరిగింది. 2005 నుంచి 2008 వరకు జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ పల్లెల్లో 'ఏక్‌జుట్' సంస్థ మహిళా సంఘాలను నడిపింది. వాటిని నడిపించింది నర్సులు కూడా కాదు, ఆ ఊళ్ల ఆడవాళ్లే. పసికందుల మరణాలు బాగా తగ్గాయి. మూడో ఏడాదికి తల్లుల్లో ఒక మోస్తరు దిగులు కూడా సగానికి పైగా తగ్గింది.

మన ఊళ్లకు ఏఎన్ఎం వస్తుంది, ఆశా ఊళ్లోనే ఉంటుంది. బిడ్డను తూకం వేస్తారు, టీకా వేస్తారు. "నీ మనసెట్లుందమ్మా?" అని కూడా అడగాలి. కోయలోనో, గోండిలోనో, సవరలోనో అడగాలి. అత్త ముందు కాక, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. చచ్చిపోవాలనిపిస్తోందని ఆ తల్లి అంటే ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చదువుకున్న పిల్లలూ, తోటి టీచర్లూ, మీ ఇంట్లో బాలింత ఉంటే నర్సమ్మ వచ్చేదాకా ఆగకండి. ఆ ప్రశ్న మీరే అడగండి, చెప్పేది చివరిదాకా వినండి.