అస్లాన్ మస్ఖదోవ్ మరణం: అధికారమెంత, బాధ్యత ఎంత?

2005 మార్చి 8న చెచెన్యాలోని తోల్‌స్తోయ్-యూర్త్ గ్రామంలో, ఒక ఇంటి కింద ఉన్న రహస్య స్థావరంలో అస్లాన్ మస్ఖదోవ్ మరణించాడు. రష్యా భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.బి. జరిపిన దాడి అది. ఈ ఘటనను తెలుగులో చెప్పబూనిన వారికి తొలి పదంలోనే చిక్కు ఎదురవుతుంది. 'హత్య' అంటే వేర్పాటువాదుల పక్షం, 'మట్టుబెట్టడం' అంటే మాస్కో పక్షం. అందువల్లనే ఇక్కడ 'మరణం' అనే మాటను గ్రహించడమైనది.

మస్ఖదోవ్ సోవియట్ సైన్యంలో శతఘ్నిదళ అధికారిగా పనిచేశాడు. మొదటి చెచెన్ యుద్ధంలో వేర్పాటువాద సేనల ప్రధానాధికారిగా 1996 ఆగస్టులో గ్రోజ్నీని తిరిగి స్వాధీనం చేసుకున్నాడు. ఆ నెలాఖరున ఖసవ్‌యూర్త్‌లో అలెగ్జాండర్ లెబెద్‌తో ఒప్పందం చేసుకున్నాడు. 1997 జనవరిలో అంతర్జాతీయ పరిశీలకుల సమక్షంలో జరిగిన ఎన్నికలలో అధ్యక్షుడయ్యాడు. అదే సంవత్సరం మే 12న యెల్త్సిన్ అతడితో శాంతి ఒడంబడికపై సంతకం చేశాడు.

మాస్కో దృష్టిలో ఈ చరిత్ర 1999తో ముగిసింది. అపహరణలను అరికట్టలేకపోవడం, బసాయెవ్, ఖత్తాబ్‌లు దాగెస్తాన్‌పై జరిపిన దాడిని ఆపలేకపోవడం, 330 మందికి పైగా మరణించిన 2004 నాటి బెస్లాన్ పాఠశాల దారుణం అతడిపై మోపిన అభియోగాలకు ఆధారాలయ్యాయి. బెస్లాన్ తరువాత బసాయెవ్, మస్ఖదోవ్‌ల ఆచూకీకి రష్యా 30 కోట్ల రూబుళ్ల బహుమతి ప్రకటించింది. బెస్లాన్‌ను మస్ఖదోవ్ ఖండించాడు. బసాయెవ్ మాత్రం బాధ్యత తనదేనన్నాడు.

ఎదుటి వాదానికి బలమిచ్చినది 2005 ఫిబ్రవరి. ఆ నెలలో మస్ఖదోవ్ ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించాడు. నెలాఖరులో రష్యా సైనికుల తల్లుల సంఘ ప్రతినిధులు లండన్‌లో అతడి దూత అహ్మద్ జకాయెవ్‌ను కలిశారు. తరువాత పక్షం రోజులైనా గడవక మునుపే అతడు మరణించాడు. చర్చలకు మిగిలిన ఒకే ఒక వ్యక్తిని తొలగించారని విమర్శకులు భావించారు. పోలండ్ విదేశాంగశాఖ దీనిని నేరంగానూ, రాజకీయ తప్పిదంగానూ పేర్కొనగా మాస్కో ఆగ్రహించింది.

రెండు వాదాలలోనూ ఒక అంతర్వైరుధ్యం ఉన్నది. అతడికి ఏ పట్టూ లేదు కనుక చర్చలు వ్యర్థమన్నది మాస్కో. కాని అతడే ఉగ్రచర్యల సూత్రధారి అని కూడా అన్నది. పట్టులేనివాడు సూత్రధారి ఎట్లా అవుతాడు? ఇక సానుభూతిపరులు, కాల్పుల విరమణను అమలు చేయగల అధికారం అతడికి ఉన్నదంటూనే బెస్లాన్‌ను ఆపగల అధికారం లేదన్నారు. బసాయెవ్ కూడా ఆ విరమణకు కట్టుబడినట్లు ప్రకటించడం సంధికర్తగా మస్ఖదోవ్ విలువను పెంచుతుంది; అదే సమయంలో బసాయెవ్ చర్యలలో అతడి బాధ్యతను ప్రశ్నార్థకం చేస్తుంది. 2002లో బసాయెవ్‌కు తిరిగి సైనిక నాయకత్వంలో స్థానం కల్పించినది మస్ఖదోవే. ఈ వాస్తవాన్ని సానుభూతిపరులు తేలికగా దాటవేస్తారు.

అతడి తరువాత సదులాయెవ్, ఆపై ఉమరోవ్ నాయకులయ్యారు. 2007లో ఉమరోవ్ చెచెన్ గణతంత్ర భావననే విడిచి కాకసస్ ఎమిరేట్‌ను ప్రకటించాడు. మస్ఖదోవ్ జీవించి ఉంటే ఇది జరిగేది కాదనే వాదం ఆకర్షణీయమైనదే గాని నిరూపణకు లొంగదు. ప్రత్యర్థుల ఒత్తిడికి తలొగ్గి 1999లోనే షరియా పాలనను ప్రకటించినవాడు అతడే.

మరణకారణంపైన కూడా అధికారిక కథనాలు మారుతూ వచ్చాయి. స్థావరంలోకి దారి చేయడానికి జరిపిన పేలుడే కారణమని తొలుత అన్నారు. మస్ఖదోవ్ కోరికపై బంధువైన అంగరక్షకుడే కాల్చి ఉండవచ్చన్న వాదం విచారణలో ముందుకు వచ్చింది. ఉగ్రవాదులుగా ముద్రపడిన వారి భౌతికకాయాలను బంధువులకు అప్పగించరాదన్న 2002 నాటి శాసన సవరణ ప్రకారం, శవాన్ని కుటుంబానికి ఇవ్వలేదు. దీనిపై కుటుంబ సభ్యులు ఐరోపా మానవహక్కుల న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2013 జూన్ 6 నాటి తీర్పు ఏ పక్షాన్నీ పూర్తిగా సంతృప్తిపరచలేదు. అతడి మరణం విషయంలో జీవించే హక్కుకు ఉల్లంఘన జరగలేదన్నది న్యాయస్థానం. భౌతికకాయాన్ని నిరాకరించడం మాత్రం కుటుంబ జీవన హక్కును ఉల్లంఘించడమేనన్నది.