బీథోవెన్ గ్రామసీమ సింఫనీ

పాశ్చాత్య సంగీతమును రేడియోలో ఆలకించువారికి 'పాస్టొరల్' సింఫనీ పేరు పరిచితమై యుండవచ్చును. పల్లెపట్టులకు, పశువుల కాపరులకు సంబంధించినదని ఆ మాటకు అర్థము. లుడ్విగ్ వాన్ బీథోవెన్ దీనిని 1808లో ముగించెను. ఇందు సెలయేరు పారును, పిట్టలు పలుకును, ఉరుములు ఉరుమును. అంతమాత్రమున దీనిని ప్రకృతిచిత్రమని తలచినచో కర్త హృదయము మనకు చిక్కదు.

దానిని ఎరుగుటకు ఆరేండ్లు వెనుకకు పోవలెను. 1802లో బీథోవెన్ వియన్నా చెంత హైలిగెన్‌ష్టాట్ అను పల్లెలో బస చేసెను. అప్పటికి అతనికి ముప్పదియొక్క యేండ్లు. చెవుడు నానాటికి ముదురుచుండెను. అక్టోబరు నెలలో అతడు తన తమ్ములకు ఒక లేఖ వ్రాసెను. ప్రక్కనున్నవారు దూరపు వేణునాదమును వినుచుండగా తనకేమియు వినబడలేదనియు, గొల్లవాని పాటయు అట్లే తన చెవి సోకలేదనియు, అట్టి వేళల ప్రాణము తీసికొన దలచితిననియు, తన కళయే తన్ను ఆపెననియు అందు చెప్పుకొనెను. ఆ లేఖను అతడు పంపలేదు. 1827లో అతడు మరణించిన పిదప అది అతని కాగితములలో దొరకెను.

ఇప్పుడు సింఫనీని విందము. రెండవ భాగము సెలయేటి యొడ్డున నడచును. దాని చివర తక్కిన వాద్యములు ఊరకుండగా ఫ్లూటు నైటింగేలువలెను, ఓబో పూరేడుపిట్టవలెను, క్లారినెట్టు కోకిలవలెను పలుకును. ఈ పక్షుల పేర్లను బీథోవెన్ స్వరలిపిలోనే వ్రాసియుంచెను. కడపటి భాగమునకు అతడు పెట్టిన పేరు గొల్లవాని పాట. తన చెవికి దూరమైన వేణువును, గొల్లపాటను అతడు మన చెవులకు అందించినాడు. చెవి విడిచినదానిని మనస్సు విడువలేదని మాకు తోచును.

అయినను ధ్వనుల అనుకరణ అతని లక్ష్యము కాదు. ఇది వర్ణచిత్రము కంటె భావప్రకటనమే యని అతడే తెలిపెను. తొలిభాగము పల్లె చేరినవాని మనస్సున మేల్కొను ఉల్లాసము. మూడవది గ్రామీణుల వేడుక. నాలుగవది గాలివాన. నగారాలను పోలిన టింపనీలు ఈ భాగమున దక్క మరెచ్చటను మ్రోగవు. వాన వెలిసినంతనే, విరామము లేకయే, గొల్లవాని పాట ఆరంభమగును. తుపాను గడచినవారి సంతోషమును, కృతజ్ఞతను తెలుపుట దాని యుద్దేశము. సింఫనీలకు నాలుగు భాగములుండుట నాటి పరిపాటి కాగా, బీథోవెన్ దీనికి ఐదు భాగములు కూర్చెను.

1808 డిసెంబరు 22న వియన్నాలో, చలి వణికించు నాటకశాలలో, ఈ కృతి తొలిసారి వినిపించెను. కచేరి నాలుగు గంటలు సాగెను. పోరాటమును తలపించు అయిదవ సింఫనీ సయితము ఆ రాత్రియే వెలువడెను. ఒకే మనస్సు ఒకే కాలమున పోరును, శాంతిని గూడ పాడినది.

ఈ సింఫనీ మరల మన యిండ్లలో వినవచ్చునపుడు పిట్టల పలుకులను గుర్తించి మురియుట సహజమే. ఉరుము అణగిన వెనుక క్లారినెట్టు మెల్లగా ఎత్తుకొను ఆ గొల్లపాటను మాత్రము ఏమరక విందము. బ్రతుకుట కష్టమని వ్రాసిన చేతితోనే బీథోవెన్ ఆ కృతజ్ఞతను వ్రాసినాడు.