హిరణ్యకశిపుడి మెట్లు

మా బడి వార్షికోత్సవానికి ఈ ఏడు ప్రహ్లాదుడి కథ నాటకంగా వేస్తున్నారు. మాటలు తక్కువ, పద్యాలూ పాటలూ ఎక్కువ. వేషాలకి ఎంపిక ఉంటుందని నోటీసు బోర్డులో పెట్టగానే నేను హిరణ్యకశిపుడికి పేరు ఇచ్చాను. తొమ్మిదో తరగతి ఆడపిల్ల హిరణ్యకశిపుడేమిటి, లీలావతి వేషం ఉంది కదా అని క్లాసులో అందరూ నవ్వారు. తెలుగు మాష్టారు నవ్వలేదు గానీ ఒక షరతు పెట్టారు. "పద్యం ఎలాగూ పాడతావు. అంతకుముందు ఈ వేషం ఎక్కడెక్కడ ఎవరు కట్టారో, దానికి ఎలా తయారయ్యేవారో తెలుసుకుని రాసి పట్టుకురా" అన్నారు. ఈ వ్యాసం అలా మొదలైంది.

నాటకాల చరిత్ర అంటే ఎక్కడో రాజమండ్రి, మద్రాసు అనుకున్నాను. మా తాతయ్య విని, "అంత దూరం ఎందుకే అమ్మా, గంజాం పల్లెల్లో రాత్రంతా ఆడేది ఏమిటి మరి?" అన్నాడు.

నిజమే. ప్రహ్లాద నాటకం మన గంజాం జిల్లాదే. భాష ఒడియా, మధ్యలో సంస్కృత శ్లోకాలు. 19వ శతాబ్దం రెండో సగంలో జలంతర జమీందారు రామకృష్ణ ఛోటరాయ పేరు మీద ఇది వెలువడింది. ఆస్థాన కవి గౌరహరి పరిచ్ఛా చేయి ఇందులో ఉందని కొందరు పండితులు అంటారు. రాగాలు, తాళాలు, అడుగులు చూస్తే ఒడియా సంగీతమూ ఉంది, దక్షిణాది సంగీతమూ ఉంది. మన యక్షగానం, భాగవత మేళం పోలికలు ఉన్నాయని చూసినవాళ్లంతా చెబుతారు. అందులో వింత ఏముంది? అప్పుడు బరంపురం, జలంతర, పర్లాకిమిడి అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లాయే. ఒకే సంతకి వెళ్లేవాళ్లు, రెండు భాషలూ మాట్లాడేవాళ్లు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయింది. బరంపురం ఇటు వచ్చింది. జలంతర అటు ఉండిపోయి, ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. అంటే ఒడియా నాటకం పుట్టిన ఊరు ఆంధ్రలో ఉంది, దాన్ని ఎక్కువగా ఆడే ఊళ్లు ఒడిశాలో ఉన్నాయి. మేము తెలుగు మీడియం చదివే బడి కూడా ఒడిశాలోనే ఉంది. గీత గీసినవాళ్లు మనుషులనీ ఊళ్లనీ లెక్క పెట్టుకున్నారు గానీ నాటకాన్ని ఎవరు లెక్కపెడతారు!

ఇక వేషం సంగతి. ఈ నాటకంలో ప్రధాన పాత్ర ప్రహ్లాదుడు కాదు, రాజే. మెట్లు మెట్లుగా ఎత్తైన మంచె కట్టి, అన్నిటికన్నా పైన సింహాసనం పెడతారు. హిరణ్యకశిపుడు ఆ మెట్ల మీదే ఆడాలి. కోపం వస్తే దూకుతూ కిందికి దిగాలి, మళ్లీ అడుగు వేస్తూ పైకెక్కాలి. పెద్ద కిరీటం, బరువైన దుస్తులు, చేతిలో ఆయుధం, ఇవన్నీ ఉండగానే పాట. గాహకుడు అని ఒక గాయకుడు ఉంటాడు. అతనే సూత్రధారి లాంటివాడు, కథని నడిపిస్తాడు. మద్దెల, తాళాలు, ముఖవీణ వెనక ఉంటాయి. రాజు వేషగాడు గాహకుడి తాళానికి అడుగు తప్పకూడదు, తన వంతు పాటలో ఊపిరి తప్పకూడదు. రెండు దళాలని ఎదురెదురుగా పెట్టి పోటీగా ఆడించడం కూడా గంజాంలో ఉంది. అప్పుడు ఒక రాజు పాడుతుంటే రెండో రాజు చూస్తూ ఉంటాడు. ఎంపిక పరీక్ష అంటే అది! తీర్పు చెప్పేది ఊరు ఊరంతా.

తాతయ్య చిన్నప్పుడు చూసిన ఒక రాజుని ఇప్పటికీ తలుచుకుంటాడు. అప్పటికి ఆ ఊళ్లో మైకు లేదట. "చివర చింతచెట్టు కింద కూర్చున్న మాకు కూడా మాట మాట వినిపించేది. గట్టిగా అరిచేవాడు కాదే. నిదానంగానే అనేవాడు, అయినా వినిపించేది" అన్నాడు. ఆ తేడా నాకు వెంటనే అర్థం కాలేదు. మా డాబా మెట్లు పదహారు. రోజూ సాయంత్రం పద్యం పాడుతూ ఎక్కి దిగుతుంటే నాలుగో రోజుకి కొంచెం తెలిసింది. అరిస్తే తొమ్మిదో మెట్టు దగ్గరే ఊపిరి అయిపోతోంది. మాట విడివిడిగా పలికితే పైదాకా వెళ్లగలుగుతున్నాను. అమ్మ మాత్రం "ఆ గొంతు పోతే పరీక్షల్లో వైవా ఎవరు చెబుతారు?" అని కేకలేస్తోంది.

ఈ నాటకంలో నరసింహస్వామి ముఖానికి పూజ చేస్తారు. అది పెట్టుకున్న మనిషికి పూనకం వస్తుందని, హిరణ్యకశిపుడి మీదికి నిజంగానే దూకుతాడని పట్టుకోడానికి మనుషులు పక్కనే ఉంటారు. సరిగ్గా ఇదే ఆచారం ఇంకోచోట కూడా ఉందని చదివి ఆశ్చర్యపోయాను. తమిళనాడులో తంజావూరు దగ్గర మెలట్టూరు అనే ఊరు ఉంది. అక్కడ ఏటా నరసింహ జయంతికి భాగవత మేళం ఆడతారు. అందులో ముఖ్యమైనది ‘ప్రహ్లాద చరిత్రము’. రాసినది మెలట్టూరు వెంకటరామ శాస్త్రి. భాష తెలుగు! చుట్టూ అందరూ తమిళం మాట్లాడే ఊళ్లో తెలుగు నాటకం తరతరాలుగా తండ్రి నుంచి కొడుకు నేర్చుకుంటూ వచ్చారు. అక్కడ కూడా స్వామి ముఖానికి పూజ ఉంది, ఆ వేషం కట్టేవాళ్లు ఉపవాసం ఉంటారు. మనలాగే ఇంకో భాష మధ్య ఉన్న తెలుగువాళ్లు ఈ కథనే పట్టుకున్నారని తెలిసి నాకు ఎందుకో చాలా సంతోషం వేసింది. అయితే అక్కడా వేషాలన్నీ మగవాళ్లవే. ఆడవాళ్లకి చోటు లేదు.

సినిమా వైపు చూద్దాం. తెలుగులో మొదటి పూర్తి మాటల సినిమా కూడా ‘భక్త ప్రహ్లాద’యే. 1932లో వచ్చింది, దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకం దానికి ఆధారం. రంగస్థలం మీద ఆడేవాళ్లనే బొంబాయి తీసుకువెళ్లి తీశారు. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి సురభి కమలాబాయి. ఆ రోజుల్లో పాట తర్వాత కలపడం లేదు. కెమెరా ముందు నటించేవాళ్లే అప్పటికప్పుడు పాడాలి. కాబట్టి పద్యం రానివాళ్లకి సినిమాలో కూడా ప్రధాన వేషం లేదు.

కమలాబాయి దగ్గర నేను ఆగిపోయాను. సురభి నాటక సమాజం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైంది. వనారస గోవిందరావు దాన్ని నిలబెట్టారు. మిగతా సమాజాల్లో మగవాళ్లే ఆడవేషాలు కడుతుంటే సురభివాళ్లు ఇంటి ఆడవాళ్లనే రంగం మీదికి తెచ్చారు. కమలాబాయి తల్లి నాటకం ఆడుతూ ఉండగానే నొప్పులు వచ్చి రంగం మీదే ఆమె పుట్టిందని చెబుతారు. పెరిగాక మొదట కట్టినవి కృష్ణుడు, ప్రహ్లాదుడు లాంటి మగపిల్లల వేషాలు. ఇంకేం కావాలి? ఈ పేరా నేను మాష్టారికి ప్రత్యేకంగా గీత గీసి చూపిస్తాను.

ఇటు తిప్పి చూసినా అంతే. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు 1920లో హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి కట్టాల్సిన నటుడు రాకపోతే ఆ వేషం కట్టారు. ఆయనకి ఎంపికా లేదు, ముందుగా తయారవడానికి టైమూ లేదు. తర్వాత సత్యభామ అంటే ఆయనే అన్నంత పేరు వచ్చింది. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. టంగుటూరి ప్రకాశం పంతులు కూడా ఒంగోలులో చదువుకునే రోజుల్లో ఆడవేషాలు వేశారు. ఆయనలోని చురుకు చూసి మాష్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు వెంట రాజమండ్రి తీసుకువెళ్లి చదివించారు. ఆ అబ్బాయే 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. మగవాడు సత్యభామ అయితే లోకం చప్పట్లు కొట్టింది. నేను హిరణ్యకశిపుడు అంటే మా క్లాసు నవ్వింది. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రలో సగం ఊరు వేషాలతో తిరుగుతుంది, అప్పుడు ఎవరూ నవ్వరు.

పోతన భాగవతం ఏడో స్కంధంలోంచి రెండు పద్యాలు ఎంపికకి ఇచ్చారు. ఒకటి కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏం చదివావు అని అడిగేది, రెండోది స్తంభం చూపించి నిలదీసేది. అందరూ రెండోదే సాధన చేస్తున్నారు. తాతయ్య మొదటిది బాగా పాడమన్నాడు. కొడుకంటే ప్రేమ లేనివాడికి అంత కోపం ఎందుకు వస్తుంది అన్నాడు.

ఎంపిక శనివారం జరిగింది. నా వంతు ఆఖరిది. మాష్టారు హాలు చివర తలుపు దగ్గరికి వెళ్లి నిలబడి "మొదలుపెట్టు" అన్నారు. మొదటి పద్యం నిదానంగా పాడాను. రెండోదానిలో ఒకచోట తాళం జారింది. పూర్తయ్యాక ఆయన ఏమీ అనకుండా వచ్చి నా కాగితాలు తీసుకున్నారు. ఈ వ్యాసం పత్రికకి ఇచ్చే రోజుకి జాబితా ఇంకా పెట్టలేదు. డాబా మెట్లు మాత్రం రోజూ ఎక్కుతున్నాను. తాతయ్య అట్టముక్కలతో గద చేయడం మొదలుపెట్టేశాడు.