ఏజెంటు వెంకటరెడ్డి నాయుడు గారు

"మీకు సర్ కూర్మా రెడ్డి గారు తెలుసా?" అని ఆవిడ అడిగితే నేను తెల్లమొహం వేశాను.

అడిగినావిడ డర్బను నుంచి వచ్చింది. అరవై దాటిన మనిషి. పేరు చివర నాయుడు అని వుంది గానీ దాన్ని వాళ్ళు "నాయుడూ" అని సాగదీసి పలుకుతారు. మదనపల్లెలో మా ఎదురింటికి అతిథిగా దిగింది. ఎదురింటి పెద్దమ్మ గోడమీంచి నన్ను పిలిచి, "ఏమ్మా, నీకు ఇంగ్లీషు బాగా వచ్చు గదా, రేపు ఈమెతో పుంగనూరు, కుప్పం దాకా పొయ్యొస్తావా?" అంది. కథలు రాసుకునేవాళ్ళకి వేరే పనేం వుంటుందని మా వీధిలో అందరికీ గట్టి నమ్మకం!

సరే, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. కిటికీ పక్కన సర్దుకున్నాక ఆవిడ చేతిసంచిలోంచి రెండు జిరాక్సు కాగితాలు తీసింది. పూర్వం మద్రాసునుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కూలీలను మోసుకెళ్ళిన ఓడల జాబితాలట అవి. మనిషికో నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఆఖరికి ఒంటిమీద మచ్చలూ, ఎత్తూ కూడా రాసుకున్నారు. పెళ్ళిసంబంధానికైనా మనం ఇన్ని వివరాలు అడగం! ఆవిడ ముత్తాత పేరుకెదురుగా ఉత్తర ఆర్కాటు జిల్లా, పుంగనూరు అని వుంది. రెండో కాగితం ముత్తవ్వది. వేరే ఓడ, వేరే సంవత్సరం. ఊరు కంగుంది అని వుంది, అంటే మన కుప్పం పక్కనే. వయసు ఇరవై.

"ఒక్కతే వెళ్ళిందా?" అన్నాను.

"ఒక్కతే. ఎందుకు వెళ్ళిందో మాలో ఎవరికీ చెప్పలేదు" అంది.

నవలలు రాసేదాన్ని కాబట్టి ఆ ఒక్క వాక్యం చుట్టూ నాలుగు కథలు అల్లేసుకున్నాను. చిన్నతనంలో వైధవ్యమా, మొగుడి దెబ్బలా, కరువా? 1876–78 కరువు ఈ ప్రాంతాల్ని పీల్చి పిప్పి చేసిన సంగతి మా తాతల కాలందాకా చెప్పుకునేవారు. ఇంకొకటి కూడా వుంది. వందమంది మగవాళ్ళకి నలభైమంది ఆడవాళ్ళుంటేగానీ ఓడ కదలకూడదని నిబంధన. అందుకని ఒంటరి ఆడది కనిపిస్తే ఏజెంట్ల మనుషులు వదిలేవారు కాదు. కానీ కాగితంలో లేనిది నేను కల్పించకూడదు కదా, నోరు మూసుకున్నాను.

అప్పుడడిగింది ఆవిడ, కూర్మా రెడ్డి గారు తెలుసా అని. డర్బనులో ఆంధ్ర మహాసభ పుట్టుక చెప్పేటప్పుడు ఆయన పేరు రాకుండా వుండదట. "మీ దేశం మనిషే కదా, మీకు తెలీదా?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది. నేను బి.ఏ.లో హిస్టరీ చదివానని అప్పటికే గొప్పగా చెప్పి వున్నాను. ఏం చెయ్యను? కాసేపటికి లీలగా ఒక్క ముక్క గుర్తొచ్చింది. 1920లో మద్రాసు రాజధానిలో మొదటి మంత్రివర్గం, ముగ్గురు మంత్రులు: సుబ్బరాయలు రెడ్డియారు, మన కాళహస్తిలో పుట్టిన పానగల్లు రాజా, మూడోవారు కె.వి. రెడ్డి నాయుడు. పరీక్షకోసం బట్టీపట్టిన మూడో పేరు! ఇంటికొచ్చాక పాత పుస్తకాలు దులిపి తెలుసుకున్నవి, వరస తప్పినా సరే, ఇక్కడే చెప్పేస్తాను.

కూర్మా వెంకటరెడ్డి నాయుడు 1875లో పుట్టారు. గోదావరి ప్రాంతం మనిషి, వకీలు, జస్టిస్ పార్టీ నాయకుడు. 1919లో బ్రాహ్మణేతరుల వాదన వినిపించడానికి ఆ పార్టీ వాళ్ళు లండను వెళ్ళారు. పార్టీ పెద్దదిక్కు డాక్టరు టి.ఎం. నాయరు సాక్ష్యం చెప్పకుండానే అక్కడ కన్నుమూశారు. పార్లమెంటు కమిటీ ముందు నిలబడే బరువు వెంకటరెడ్డి నాయుడు గారి మీద పడింది. తర్వాత మూడేళ్ళు మంత్రి. అన్నట్టు, మనకి సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పాలి. ఆయన మంత్రిగా వున్న 1921లోనే మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటుహక్కు ఒప్పుకుంది. బ్రిటిషిండియాలో అలా ఒప్పుకున్న మొదటి రాష్ట్రం మనదే. ఆ ఓటు ఆస్తి వున్న అతికొద్దిమందికే అనుకోండి. 1928లో జెనీవాలో నానాజాతి సమితికి ఇండియా తరఫున వెళ్ళారు. ఆ మరుసటి ఏడు దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటుగా వేశారు. అంతకు ముందు ఆ పదవిలో మొదటివారు శ్రీనివాసశాస్త్రి. వెండినాలుక శాస్త్రిగారి తర్వాత మాట్లాడటమంటే మాటలా!

అసలు ఆ ఏజెంటు చెయ్యాల్సిన పనేమిటో చూడండి.

1860 నవంబరులో మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచి డర్బను చేరింది. 1911లో ఈ వలసను ఆపేసేలోగా లక్షన్నరమందికి పైగా వెళ్ళారు. అందులో ఎక్కువమంది మద్రాసు రాజధానివాళ్ళు, జిల్లాల్లో ఉత్తర ఆర్కాటుది పెద్ద వాటా. పుంగనూరు, కంగుంది జమీందారీలు అప్పుడు ఆ జిల్లాలోనివే. మదనపల్లె కడప జిల్లాలో వుండేది. ఇవన్నీ కలిపి చిత్తూరు జిల్లా చేసింది కూడా 1911లోనే. మన జిల్లా పుట్టిన ఏడే మన జనాన్ని ఓడలెక్కించడం ఆగిందన్నమాట.

అయిదేళ్ళ ఒప్పందం. మగవాడికి మొదటి ఏడు నెలకి పది షిల్లింగుల జీతం, తర్వాత ఏడాదికి ఒక్క షిల్లింగు పెంపు. ఆడదానికి అందులో సగం. చెరుకు మాత్రం సగం బరువు వుండదు, ఏమంటారు? ఒప్పందం తీరాక అక్కడే వుండిపోదామనుకుంటే మనిషికి ఏటా మూడు పౌన్ల పన్ను వేస్తూ 1895లో చట్టం చేశారు. మగవాడి మొదటి ఏడాది జీతమే మొత్తం ఆరు పౌన్లు! అది చాలదన్నట్టు, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళి చట్టానికి పెళ్ళి కాదని 1913లో కోర్టు తీర్పు వచ్చింది. గాంధీగారి సత్యాగ్రహంలోకి ఆడవాళ్ళు కొంగు బిగించి దిగి జైళ్ళకు వెళ్ళింది అప్పుడే. 1914లో ఆ పన్ను పోయింది, పెళ్ళిళ్ళు పెళ్ళిళ్ళయ్యాయి. తెల్లవాళ్ళ గుబులు మాత్రం పోలేదు. వీళ్ళని ఎలాగైనా వెనక్కి పంపించాలి.

1927 కేప్‌టౌను ఒప్పందం అలా వచ్చింది. అక్కడ వుండిపోయే భారతీయుల చదువు సంధ్యలు దక్షిణాఫ్రికా చూస్తుంది. ఇండియా వెళ్ళిపోతామన్నవాళ్ళకి ఓడ ఖర్చుతోపాటు పెద్దలకి ఇరవై పౌన్లు, పిల్లలకి పది పౌన్లు చేతిలో పెడతారు. మూడేళ్ళలోపు వెనక్కి రాకపోతే అక్కడి హక్కు చెల్లు. రావాలంటే తీసుకున్న డబ్బు కట్టాలి. ఈ రెండు పనులూ సవ్యంగా సాగేలా చూడటమే ఏజెంటుగారి ఉద్యోగం. అంటే ఒక చేత్తో "ఇక్కడ నా జనాన్ని మనుషుల్లా చూడండి" అని బతిమాలాలి, రెండో చేత్తో వాళ్ళని ఓడ ఎక్కనివ్వాలి. కూతురికి అత్తింట్లో ఆరళ్ళు పెడుతున్నారని మాట్లాడ్డానికి వెళ్ళిన తండ్రిచేతే, "తీసుకుపోతావా మరి?" అని పెట్టె మోయించినట్టు!

పోనీ ఇక్కడికొచ్చినవాళ్ళు సుఖపడ్డారా? తిరిగివచ్చిన వాళ్ళ గతి మీద భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది కలిసి 1931లో ఒక నివేదిక అచ్చువేశారు. వచ్చినవాళ్ళు అష్టకష్టాలు పడుతున్నారనీ, ఈ పథకం ఆపాలనీ దాని సారాంశం. సముద్రం దాటిందని కులం ఒప్పుకోదు, పిల్లలకి భాష రాదు, చేతిలో డబ్బు కొన్నాళ్ళకే హుష్‌కాకి.

అప్పటికే 1930లో ట్రాన్స్‌వాల్‌లో భారతీయులు ఫలానా చోటే వుండాలి, ఫలానా చోటే కొట్టు పెట్టుకోవాలి అని కట్టడిచేసే బిల్లు ఒకటి వచ్చింది. దాని మీద మన వెంకటరెడ్డి నాయుడు గారు అధికారులతో, మంత్రులతో వాదిస్తూనే వున్నారు. 1932 జనవరిలో కేప్‌టౌనులో మళ్ళీ రెండు ప్రభుత్వాలూ కూర్చున్నాయి. మనవైపు నాయకుడు ఫజ్లీ హుస్సేన్. పక్కన శ్రీనివాసశాస్త్రి, వెంకటరెడ్డి నాయుడు, మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీనాయుడు. అవతలి వైపు నాయకుడు డాక్టరు మలాన్. అవును, 1948లో ప్రధానమంత్రి అయి వర్ణవివక్షను రాజ్యాంగవిధానం చేసిన మలానే.

ఆ సమావేశంలో తేలిన ఒక్క అంకె నాకు మిగతా అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. అక్కడి భారతీయుల్లో నూటికి ఎనభైమంది అక్కడే పుట్టినవాళ్ళని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఇక వెనక్కి పంపే పథకం దాదాపు అడుగంటిందని కూడా రాసుకున్నారు. ఎన్నడూ చూడని ఊరికి వెనక్కి వెళ్ళడమేమిటి, మీరే చెప్పండి! బిల్లు మాత్రం కొన్ని సవరణలతో అదే ఏడు చట్టమైపోయింది. గెలిచారా, ఓడారా అంటే నేను చెప్పలేను. చిల్లుపడిన కుండకి మైనం పెట్టినట్టే అనిపిస్తుంది. ఆనాటి సొంత జనమే మా ఏజెంటు మెత్తన అనుకుని వుంటే తప్పుపట్టను. కానీ వెనక తనదైన దేశం లేని రాయబారి ఎంత గట్టిగా మాట్లాడగలడు? ఆయన యజమాని ఢిల్లీలోని ఇంగ్లీషువాడు, ఎదుటివాడు ఆ ఇంగ్లీషువాడి సామ్రాజ్యంలోనే ఇంకో వాటాదారు. 1946లో ఇదే తగువును విజయలక్ష్మీ పండిట్ ఐక్యరాజ్యసమితికి ఎక్కించి ఓటు గెలిచారు. 1964లో పడమటి ఆఫ్రికాలోని ఘనా దేశస్థుడు అలెక్స్ క్వైసన్ సాకీ ఆ సమితి సర్వసభ్యసభకే అధ్యక్షుడయ్యారు, నల్లజాతి ఆఫ్రికన్లలో మొదటివారు. వాళ్ళ వెనక జెండాలున్నాయి. నాయుడు గారు అవేవీ చూడలేదు, 1942లోనే పోయారు.

ఆయన మిగతా కథ గబగబా చెప్పేస్తాను. 1932లో తిరిగొచ్చారు. 1936లో కొన్ని నెలలు మద్రాసుకు తాత్కాలిక గవర్నరు. 1937లో ఎన్నికలు గెలిచిన కాంగ్రెసు, గవర్నరు అడ్డుపడనని హామీ ఇస్తేగానీ గద్దె ఎక్కనని భీష్మించుకుంటే, ఏప్రిల్ 1 నుంచి జూలై 14 దాకా ప్రధానిగా వున్నది ఈయనే. రాజాజీ వచ్చేవరకూ కుర్చీ వెచ్చగా వుంచారని అప్పట్లో నవ్వుకుని వుంటారు. ఆఖర్న అన్నామలై విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు. పదవులు ఇన్ని! అయినా ఇక్కడ మన నోట్లో ఆయన పేరు లేదు. 1931లో, ఆయన అక్కడ వున్నప్పుడే, డర్బనులో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నవాళ్ళ మనవలు మాత్రం మరిచిపోలేదు.

పుంగనూరులో బస్సు దిగి జమీందారు కోట వైపు నడిచాం. కాగితంలోని పేరుతో ఎవర్ని అడగగలం? నూరేళ్ళు దాటింది. ఒక ఇంటి అరుగుమీద చింతకాయలు దంచుతున్న ముసలమ్మ, "యాడ్నించి వచ్చినారు తల్లీ?" అంది. నేను చెప్పేలోగా మా ఆవిడ, "అవ్వా!" అని ఆమె పక్కనే చతికిలపడింది. డర్బనులో వాళ్ళింట్లో నాయనమ్మని అవ్వ అనే పిలిచేవారట. గోదావరి ప్రాంతంలో అమ్మమ్మ, నాయనమ్మ. ఈ పిలుపు మాది. ఓడ జాబితా కంటే ఆ పిలుపే నాకు గట్టి సాక్ష్యంగా తోచింది. ఆవిడకి వచ్చిన తెలుగు మాటలు పాతిక వుంటాయేమో, అందులో ఒకటి సంగటి. అది విన్నాక ముసలమ్మ మమ్మల్ని తినకుండా కదలనిస్తుందా!

"పొయ్యినోళ్ళు మల్లా రాల్యా?" అని అడిగింది ముసలమ్మ. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను.

"డబ్బిస్తామన్నారట. మా అవ్వ వెళ్ళనంది. మొక్కజొన్న చేను కోతకొచ్చిందందట" అని నవ్వింది ఆవిడ.

పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి సాయంత్రమైంది. అక్కణ్ణించి ఆవిడ బెంగుళూరు రైలు ఎక్కాలి. 1864లోనే వేసిన దారి అది. ముత్తవ్వ మద్రాసుకి ఇటే వెళ్ళి వుంటుందా అని అడిగింది. అయ్యుండొచ్చన్నాను. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగంలో, ఆదరించాల్సిన భాషల వరసలో తెలుగు పేరు కూడా వుందని ప్లాట్‌ఫారం మీద ఆవిడ చెబితేనే నాకు తెలిసింది. రైలు కనిపిస్తుండగా సంచిలోంచి కాగితాలు, పెన్నూ తీసి, ఆ రెండు ఊళ్ళ పేర్లు తెలుగులో రాసిమ్మంది. రాసిచ్చాను. ‘పుంగనూరు’ వైపు వేలుతో ఒక్కొక్క అక్షరం దిద్దుకుంటూ, సున్న ఎక్కడ పలకాలో మళ్ళీ చెప్పమంది.