వదిలేసిన నీళ్లు ఎవరి బోరులోకి?
పశ్చిమ ప్రకాశంలో హరిత ఆసుపత్రి నిర్మాణం: ఒక నైతిక పరిశీలన

హరిత ఆసుపత్రి అనగానే మన ఇంజనీర్లు ముందు పైకప్పు చూపిస్తారు. బడిపిల్లల పలకలకు పేరుపడిన మార్కాపురంలో కూడా ఇప్పుడు పలక అంటే సౌర పలకే అన్నట్టుంది. ఈ ధోరణికి కారణం లేకపోలేదు. 2019లో హెల్త్ కేర్ వితౌట్ హార్మ్, అరూప్ సంస్థలు వేసిన లెక్క ప్రకారం ప్రపంచ ఉద్గారాల్లో వైద్యరంగం వాటా 4.4 శాతం. మరుసటి ఏడాది ఇంగ్లండు జాతీయ ఆరోగ్య సేవ నికర సున్నా లక్ష్యాన్ని ప్రకటించింది. అక్కడి నుంచి చర్చంతా కర్బనం చుట్టూ తిరుగుతోంది. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, పొదిలి వైపు వచ్చేసరికి మాత్రం చూపు పైకప్పు మీది నుంచి నేలలోకి దిగాలి. ఇక్కడ ఆసుపత్రి పచ్చదనాన్ని అది వదిలేసిన నీళ్లు చేరేచోట కొలవాలన్నది ఈ వ్యాసం వాదం.

బోరు నీళ్లలో ఫ్లోరిన్ సంగతి ఈ నేలకు కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ ఉందని షార్ట్, ఆయన సహచరులు 1937లో వెల్లడించింది నెల్లూరు జిల్లా రోగులను చూసే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డప్పుడు అవి అటునుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి ఒకచోట చేరాయి. జిల్లా మారినా బోరు నీళ్లు మారలేదు. అందుకే ఊరూరా ప్లాంటు నీళ్ల క్యాన్లు.

ఇలాంటి నేల మీద డయాలసిస్ యంత్రం పెట్టాలంటే ఏమవుతుందో చూద్దాం. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలు నడిస్తే ఒక్క విడతకు 120 లీటర్ల శుద్ధజలం కావాలి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడును ఓర్చుకోవచ్చని ప్రమాణాలు అంటాయి. డయాలసిస్ నీటికి ఆ హద్దు 0.2 మాత్రమే. ఎందుకంటే ఆ నీటికీ నెత్తురుకూ మధ్య ఉండేది పలుచటి పొర ఒక్కటే. పైగా ఫ్లోరైడును బయటికి పంపే కిడ్నీలే ఆ రోగికి పనిచేయవు. 1993లో షికాగోలో ఒక డయాలసిస్ కేంద్రంలో నీటిశుద్ధి వ్యవస్థ విఫలమై, ఫ్లోరైడు విషమై ముగ్గురు చనిపోయారు. కాబట్టి నీటి పొదుపు పేరుతో శుద్ధిలో కోత పెట్టడానికి వీల్లేదు.

అయితే ఆ శుద్ధి చేసే ఆర్వో ఫ్లోరైడును మాయం చేయదు, పక్కకు నెడుతుంది. బోరు నీటిలో 3 మిల్లీగ్రాములు ఉండి, సగం నీళ్లు శుద్ధమై సగం వృథాగా పోతే, ఆ వృథా నీటిలో దాదాపు 6 ఉంటుంది. పది యంత్రాలు రోజుకు రెండు విడతలు నడిస్తే అలాంటి నీళ్లు 2,400 లీటర్లు. వాటిని ఇంకుడుగుంతకు తిప్పి ‘భూగర్భ జల పునరుద్ధరణ’ అని రాసుకుంటే కాగితం మీద ఆ ఆసుపత్రికి మార్కులు పడతాయి. పక్కవీధి బోరులో ఏం పడుతుందో మాత్రం ఎవరూ రాసుకోరు. ఆస్ట్రేలియాలోని గీలాంగ్‌లో ఇలాంటి నీటిని మరుగుదొడ్లకు, తోటలకు వాడుకున్నారు. అది మంచి పనే, కానీ అక్కడ యంత్రానికి వచ్చేది ఫ్లోరిన్ బోరు నీళ్లు కావు. మరుగుదొడ్లకు మళ్లించినా మామూలు మురుగు శుద్ధి ఫ్లోరైడును తీసేయలేదు.

లోపల మంచం మీద ఉన్న రోగికి మేలు చేస్తూ, బయట బిందె పట్టుకున్న మనిషికి కీడు చేయవచ్చా? వైద్యనీతి పాఠాలు రోగి దగ్గరే ఆగిపోతాయి కాబట్టి ఈ ప్రశ్న వాటిలో కనిపించదు. కానీ 1970లో బయోఎథిక్స్ అనే మాటను వ్యాప్తిలోకి తెచ్చిన వాన్ రెన్సలర్ పాటర్ ఉద్దేశం వేరు. వైద్యాన్నీ ప్రకృతినీ ఒకే నీతి కింద చూడాలన్నాడు. ఆ మాట తర్వాత ఆసుపత్రి గోడల మధ్య ఇరుక్కుపోయింది. పాటర్‌ను మళ్లీ చదవాల్సింది పశ్చిమ ప్రకాశంలోనే అని నాకనిపిస్తుంది.

స్థానిక వస్తువులతో కట్టమనే సలహాకూ ఇదే పరీక్ష పెట్టాలి. పలకరాయి దగ్గర్లోనే దొరుకుతుంది, లారీ డీజిల్ మిగులుతుంది. కానీ ఆ రాయిని తడపకుండా కోస్తే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. కూలీ ఊపిరి లెక్కలోకి రాని గోడను హరితం అనలేం.

మరి దారి ఏమిటి? వానలో ఫ్లోరైడు సమస్య లేదు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడుతుందనుకుంటే, వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద నష్టాలు పోను 4.8 లక్షల లీటర్లు దక్కుతాయి. పైన చెప్పిన పది యంత్రాలకు అది వంద రోజుల నీరు. సంపు పెద్దదే కట్టాలి, శుద్ధి ఎలాగూ తప్పదు, కానీ అప్పుడు వదిలే నీళ్లు పొరుగు బోరుకు హాని చేయవు. చెరువు కట్టి వానను దాచుకోవడం కంభం ప్రాంతానికి ఎవరూ నేర్పక్కర్లేని విద్య.

మిగతా రోజులకు నది నీళ్లు రావాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రినీ కిడ్నీ జబ్బులతో బాధపడే ఉద్దానానికి హిరమండలం నీళ్లు తెచ్చే పథకాన్నీ ఒకే రోజు ప్రారంభించారు. ఆసుపత్రి ప్లానులో నీళ్లూ భాగమని ఒప్పుకున్నట్టే అది. ఇక్కడ శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీలు తేవాల్సిన వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. సొరంగం పూర్తవడం వేరు, కుళాయి తిరగడం వేరు. ఆ నీళ్ల కోసం ఊళ్లు వదలాల్సిన ముంపు గ్రామాలవాళ్ల బాకీ కూడా హరిత లెక్కలో రాయాల్సిందే.

మార్కాపురం దగ్గర రాయవరంలో వైద్య కళాశాలకు 2021లో పునాది పడింది. 2025లో ప్రభుత్వం దాన్ని ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వాలని నిర్ణయించింది. ఆ విధానం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి ఇక్కడ వెళ్లను. ఎవరు కట్టినా ఒప్పంద పత్రంలో మూడు సంగతులు రాయించాలని కోరుతున్నాను: ఆర్వో వదిలే నీళ్లలో ఫ్లోరైడు ఎంతో నెలనెలా కొలవాలి, చుట్టుపక్కల బోర్లనూ కొలవాలి, ఆ అంకెలను ఆసుపత్రి గుమ్మం దగ్గర తెలుగులో రాసి పెట్టాలి.